నాన్న భుజం మీద చెయ్యి

"తీశావా?"

"ఏది?"

"వైరు అక్కా, వైరు. ప్రింటరు నుంచి కంప్యూటరుకి పోయేది. ముందు అది పీకమన్నాను కదా."

"పీకితే మళ్ళీ పనిచేస్తుందా?"

"ఇప్పుడు మాత్రం ఏం పనిచేస్తోంది?"

జుల్మా బల్ల కిందికి వంగి వైరు పీకింది. సరిహద్దు నది ఒడ్డున ఉన్న సాల్తో ఊళ్ళో ఆ ఆదివారం ఆమె తండ్రి ఎలాదియోకి ఎనభయ్యో పుట్టినరోజు. ఆయన పెరట్లో కట్టెలు రాజేసి మాంసం కాల్చే పనిలో ఉన్నాడు. చుట్టాలు వచ్చేలోగా అమ్మ ఉన్న ఫోటో ఒకటి చట్రంలో పెట్టి గోడకు తగిలించాలని జుల్మా ఆశ. కానీ కంప్యూటరు తనంతట తాను కొత్త రూపం తొడుక్కుని, ఫోటో ప్రింటరెవరో తెలియనట్టు మొహం తిప్పుకుంది. ఇలాంటివి తెలిసినవాడు ఆ కుటుంబంలో ఒక్కడే, తమ్ముడు విల్మార్. నదికి అవతల, అర్జెంటీనా వైపు కొంకోర్దియాలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ వాడికీ నాన్నకీ మాటల్లేవు. అందుకే జుల్మా ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఇప్పుడు ప్రింటర్ల జాబితాలో దాని పేరు ఉంటుంది. తీసెయ్యి."

"తీసేస్తే పోతుంది కదరా."

"పోవాలనే. దాని డ్రైవరు పాతబడింది."

"డ్రైవరంటే?"

"కంప్యూటరు చెప్పేది ప్రింటరుకి అర్థమయ్యేట్టు చెప్పే దుబాసీ అనుకో. కంప్యూటరేమో కొత్త భాష నేర్చుకుంది. వీడికి పాతదే వచ్చు. వీణ్ణి పంపించి కొత్తవాణ్ణి పెట్టుకోవాలి."

"పాతవాడు ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. అందుకే మొత్తం తుడిచేసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టమంటున్నా."

"చిన్నప్పుడూ ఇంతే నువ్వు. రేడియో విప్పి బిగించి, మిగిలిపోయిన మరలు అమ్మ కుట్టుపెట్టెలో దాచేవాడివి."

"రేడియో పాడిందా లేదా?"

"పాడింది. ఒక్క స్టేషనే."

కంప్యూటరు మళ్ళీ లేచేదాకా ఆమె మాతే ఆకు టీ గొట్టంతో పీలుస్తూ కూర్చుంది. తరువాత ప్రింటరు కంపెనీ వాళ్ళ పేజీకే నేరుగా వెళ్ళమనీ, ప్రింటరు నెత్తిన ఉన్న నంబరు కొట్టమనీ విల్మార్ చెప్పాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని ఒక్కో అక్షరం కొట్టింది.

"ఆగు. ఏది నొక్కావు?"

"పెద్ద పచ్చ బటను."

"నువ్వు ఇంకెక్కడికో పోయావు, అది ప్రకటన. మూసెయ్యి. కంపెనీ పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది అసలుది."

"అసలుదానికి అంత సిగ్గెందుకురా?"

"నాకేం తెలుసు. నొక్కావా? ఇప్పుడు అది అడిగేదాకా వైరు పెట్టకు."

"అయ్యో."

"పెట్టేశావా?"

"ఖాళీగా వేలాడుతుంటే బాగాలేదనీ..."

"పీకు. మళ్ళీ మొదట్నుంచీ."

రెండోసారి అది అడిగాకే పెట్టింది. ప్రింటరు ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమంది. దీపం వెలిగింది. కాగితం లోపలికి పోయి, మళ్ళీ బయటికి పాకుతూ వచ్చింది.

"వస్తోంది. వచ్చిందిరా. అమ్మ నవ్వుతోంది."

"ఏ ఫోటో అది?"

"ఏదో ఒకటి. వేడినీళ్ళ ఊటల దగ్గరికి వెళ్ళినప్పటిది. కానీ ఒక పక్క తెల్లగా పట్టీలా వదిలేసింది. నీ దుబాసీకి ఇంకా భాష సరిగ్గా రాలేదు."

"కాగితం కొలత సరిగ్గానే పెట్టావా?"

"పెట్టాను."

"అంచుల్లేకుండా అని?"

"అదీ పెట్టాను."

"అయితే డ్రైవరు తప్పు కాదు. ఫోటోనే సన్నగా ఉంది. ఎవరో కత్తిరించారు."

"ఎవరు కత్తిరిస్తారు?"

"నన్నడుగుతావేంటి? ఆ పట్టీ పక్కన ఏముంది?"

"నాన్న."

"నాన్నకీ పట్టీకీ మధ్య?"

"ఏమీ లేదు."

"అక్కా."

"ఒక చెయ్యి. నాన్న భుజం మీద."

"చిటికెన వేలు వంకరగా ఉందా?"

జుల్మా ఆ వేలుని బొటనవేలితో తడిమింది. గోలు దగ్గర బంతి ఆపబోయి విల్మార్ విరగ్గొట్టుకున్న వేలు అది. వాణ్ణి సైకిలు మీద కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తొక్కుకుంటూ పోయింది నాన్నే.

"నాన్న తీసెయ్యమన్నాడా?"

"గోడ మీద వాడి మొహం చూడలేనన్నాడు. పండగ పూట గొడవెందుకని... చెయ్యి మాత్రం తీయలేకపోయానురా. అది తీస్తే నాన్న భుజం కూడా పోతోంది."

"పోనీలే. ఉండనీ."

"విల్మార్."

"అప్పుడు నది మీద వంతెన మూసేశారక్కా. కరోనా రోజులు. నన్ను ఎవరు వదుల్తారు? అమ్మని శ్మశానానికి తీసుకెళ్తున్నారని నువ్వు ఫోను చేసినప్పుడు నేను ఒడ్డునే ఉన్నా. ఇక్కణ్ణుంచి మన ఊరు కనిపిస్తూనే ఉంది. నాన్నేమో పడవేసుకుని రాలేకపోయాడా అంటాడు."

"కోపంలో అన్నాడురా."

"ఆ కోపం ఇంకా..."

"జుల్మా, పెద్ద కత్తి ఎక్కడ పెట్టావు? ఎవరితో మాటలు?"

ఎలాదియో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుల్మా ఫోను చేత్తో మూసింది.

"ప్రింటరు బాగుచేసే అబ్బాయి, నాన్నా."

"ఆదివారం కూడానా? బాగుపడిందా మరి? ఏదీ, చూడనీ."

ఆయన చేతి మసి ప్యాంటుకి తుడుచుకుని ఫోటో అందుకున్నాడు. చాలాసేపు భార్య మొహమే చూశాడు. తరువాత ఆయన చూపు పక్కకి జరిగి, తన భుజం మీదున్న చెయ్యి దగ్గర ఆగిపోయింది.

"ఎవరు కత్తిరించారు దీన్ని?"

"నువ్వే కదా నాన్నా, మొహం చూడలేనని..."

"చూడలేనన్నాను. కత్తిరించమన్నానా? మీ అమ్మ నవ్వుతున్నది వీడన్న మాటకే. వీడు లేకపోతే ఆవిడ ఊరికే నవ్వుతున్నట్టుంది. ఆ ఫోనిలా ఇవ్వు."

"నాన్నా, అతను ప్రింటరు..."

"ప్రింటరువాడితోనే మాట్లాడతా."

ఎలాదియో ఫోను చెవికి ఆనించుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఏమయ్యా ప్రింటరబ్బాయీ. ఇవాళ వంతెన తెరిచే ఉందా?"