తల కదపకండి

ఊరి బయట మలుపు. మోటార్‌సైకిల్ పక్కకి ఒరిగి కల్వర్టు గోడకి ఆనుకుని ఉంది. దాని కింద భర్త కాలు. అతని తల వెనక, నేల మీద, భార్య.

"కదలకండి అన్నానా."

"కదల్లేదు. గడ్డం దురద పెడుతోంది."

"పెట్టనివ్వండి."

"ఈ హెల్మెట్ తీసెయ్యి, నీకు పుణ్యముంటుంది. ఊపిరాడ్డం లేదు."

"అద్దం పైకెత్తాను కదా, గాలి వస్తోంది. ఊపిరాడని మనిషి ఇంత మాట్లాడడు."

"ఇది హెల్మెట్ కాదు, ప్రెషర్ కుక్కర్."

"అయితే ఉడకండి కాసేపు."

"నువ్వెక్కడున్నావు? గొంతు వినిపిస్తోంది గానీ మనిషివి కనబడవు."

"మీ తల వెనకే. రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాను, తెలియట్లేదా?"

"తెలుస్తోంది. ముందుకొచ్చి కూర్చోవచ్చు కదా. నాకు ఆకాశం, ఓ కరెంటు తీగా తప్ప ఇంకేం లేవు చూడ్డానికి."

"ముందుకొస్తే తల వదిలెయ్యాలి. వదిలితే మీరు తిప్పుతారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, పక్కింట్లో ఎవరు తుమ్మినా తల తిప్పి చూసే మనిషి."

"నీకేమైనా తగిలిందా?"

"ఏం లేదు. మీకు కాళ్ళు తెలుస్తున్నాయా?"

"ఎడమది బండి కింద మండుతోంది. కుడిది బాగానే ఉంది."

"వేళ్ళు ఆడించండి. రెండు కాళ్ళవీ."

"ఆడాయి. బూట్ల లోపల ఆడితే నీకు కనబడదు. నా మాట నమ్మాల్సిందే."

"నమ్మాను. మెడ?"

"నొప్పి. వెనకవైపు. చేతిలోకి తిమ్మిరిలా దిగుతోంది."

"అందుకే కదలొద్దంటున్నాను. అపార్ట్‌మెంట్‌లో ఫస్ట్ ఎయిడ్ క్లాసు పెట్టినప్పుడు ఆ డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. మెడలో ఎముక చిట్లి ఉంటే, పడ్డప్పుడు జరగని నష్టం హెల్మెట్ పీకినప్పుడు జరుగుతుందట. ఆ తర్వాత మనిషి మంచానికే."

"ఆ క్లాసుకి నువ్వు బిస్కెట్ల కోసం వెళ్ళావు."

"బిస్కెట్లు తిన్నాను, మాటా విన్నాను. మీరూ వచ్చుంటే రెండూ దక్కేవి."

"నేను ముప్ఫై కూడా దాటలేదు, తెలుసా? సైకిలంత నెమ్మదిగా పోతున్నా. మలుపులో కంకర పోసి ఉందని ఎవడికి తెలుసు?"

"మీ తప్పని నేను అనలేదుగా."

"అనకముందే చెప్తున్నా."

"ఏమండీ, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేశామా?"

"కట్టేశావు. తాళం వేసేముందు నేను చూశాను."

"అయ్యయ్యో, ఉండండి సార్, వస్తున్నా, వస్తున్నా. చప్పుడు విని ఏదో లారీ టైరు పేలిందనుకున్నా. ఎదురుగా ఆ పంక్చర్ షాపు నాదే. జరగండమ్మా, ముందు ఆ హెల్మెట్ లాగెయ్యాలి."

"ముట్టుకోకు."

"మనిషికి ఊపిరాడొద్దా అమ్మా? ఈ మలుపులో పడ్డవాళ్ళందరికీ నేనే మొదటి చుట్టాన్ని. హెల్మెట్ తీసి, మొహం మీద కాసిని నీళ్ళు కొట్టి, ఓ సోడా పట్టిస్తే..."

"చూశావా, అనుభవం ఉన్నవాడు చెప్తున్నాడు."

"మీరు మాట్లాడకండి. బాబూ, నువ్వు మంచికే చెప్తున్నావు, కాదనను. కానీ ఆయన మెడకి తగిలింది. హెల్మెట్ తియ్యొద్దు, నీళ్ళు కొట్టొద్దు, ఏమీ తాగించొద్దు. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి, అది చాలు."

"పోనీ బండైనా ఎత్తనా? కాలు నలిగిపోతోంది పాపం."

"ఒక్కడివే ఎత్తితే అది ఇటు ఒరుగుతుంది. ఒరిగితే ఆయన నడుం తిరుగుతుంది, నడుంతో పాటు మెడ. ఇంకా కిందికి జారకుండా ఏదైనా ఆసరా పెట్టగలవా?"

"లారీ చక్రాల కింద పెట్టే చెక్కలున్నాయి. తెస్తా."

"తే. ముందు ఫోను."

"తమ్ముడూ, వెళ్తూ వెళ్తూ ఒక్క మాట. ఆ కంకర ఎవరు పోశారు?"

"నిన్న ఏదో టిప్పర్ ఒలకబోసి పోయింది సార్. ఊడుద్దామనుకుంటూనే ఉన్నా."

"ఊడిస్తే నీకు వ్యాపారం ఏముంటుంది."

"ఏమండీ."

"సరదాకన్నాను. వెళ్ళు తమ్ముడూ. పోయాడా?"

"పోయాడు. వచ్చిన మనిషిని అలా అంటారా?"

"నువ్వు ఆర్డర్లు వెయ్యొచ్చు, నేను ఓ మాట అనకూడదు. కార్లు ఆగుతున్నట్టున్నాయి. సాయానికి పిలువు."

"ఆగి, ఫోన్లో వీడియో తీసుకుని పోతున్నారు. మోచెయ్యి ఎలా ఉంది మీకు?"

"బాగానే ఉంది. జాకెట్ చిరిగినట్టుంది గానీ, లోపల ఆ గట్టి ముక్కలు పెట్టారు చూడు, అవి కాచాయి. యుద్ధానికి పోతున్నట్టుంది, వేసుకోనంటే రెండ్రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు."

"చిరిగితే ఇంకోటి కొనుక్కోవచ్చు."

"ఇక గడ్డం కింద పట్టీ సంగతైతే చెప్పక్కర్లేదు. రోజూ పొద్దున స్కూలు పిల్లాడికి బెల్టు పెట్టినట్టు నువ్వే పెడతావు. టక్కుమనే దాకా గుమ్మం దాటనివ్వవు. ఆఫీసులో తెలిస్తే పరువు పోతుంది."

"టక్కుమనకపోతే అది హెల్మెట్ కాదు, టోపీ. ఏమండీ, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేశామా?"

"ఇప్పుడేగా అడిగావు. కట్టేశావన్నాను."

"ఆ. అవును కదా."

"చెక్కలు పెట్టేశానమ్మా, ఇక బండి జరగదు. ఫోన్ కూడా చేశా, బయల్దేరారట. ఇదిగో, ఇది అక్కడ గడ్డిలో పడుంది. ఈ ఎర్ర హెల్మెట్ మీదేనా? లోపల గుడ్లున్నాయి, తువ్వాలు చుట్టి."

"మాదే."

"ఒక్కటి చిట్లింది. మిగతావన్నీ చక్కగా ఉన్నాయి."

"పక్కన పెట్టు బాబూ."

"హెల్మెట్‌లో గుడ్లెందుకమ్మా?"

"గతుకులకి పగలకుండా. ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను."

"నేనే చెప్పాను తమ్ముడూ. ఇల్లు దగ్గరే కదా, నీ హెల్మెట్‌లో పెట్టుకో అని నేనే అన్నాను. ఏయ్, అంటే నీ తలకి..."

"కదలకండి."

"నీ తలకి ఏం తగల్లేదు కదా?"

"లేదన్నానుగా. కదిలితే నా మీద ఒట్టు."

"అమ్మా, మీ చెవి పక్కన..."

"దిద్దు గీసుకుంది."

"దిద్దు గీసుకుంటే ఇంతా? భుజమంతా తడిసిపోయి..."

"బాబూ."

"అమ్మా."

"ఏమైనా చెప్పాలనుకుంటే నా చెవిలో చెప్పు. లేకపోతే చెప్పకు."

"ఏమిటి? ఏం తడిసింది?"

"గుడ్డు సొన. చిట్లిందన్నాడుగా."

"సొనేనా? తమ్ముడూ, నాకు కనబడదు. నువ్వు చెప్పు."

"సొ... సొనే సార్."

"నీకు అబద్ధం చెప్పడం రాదు."

"సార్, మీరు కదిలితే అమ్మ పట్టు జారుతుంది. ఉండండి, నేను మళ్ళీ ఫోన్ చేస్తా. హలో, ఆ, ఇందాక చేసింది నేనే. ఎక్కడున్నారు? ఒక్కరు కాదండీ, ఇద్దరు. ఆ, ఇద్దరు. త్వరగా రండి."

"ఇద్దరని ఎందుకు చెప్తున్నాడు?"

"బండిని కూడా లెక్కేసుకున్నాడేమో."

"నవ్వించకు. నేను తల తిప్పి చూస్తాను."

"తిప్పండి. తిప్పి, రేపట్నుంచి నేను చెంచాతో పెడితే తినండి. పక్క దులపడం, ఒళ్ళు తుడవడం, అన్నీ నేనే. నాకంత ఓపిక లేదు, ముందే చెప్తున్నా."

"నన్నిలా కట్టిపడేసి..."

"నన్ను మీరు కట్టిపడేశారు. చేతులు మీ తలకి అతుక్కుపోయాయి."

"నేను పట్టుకుంటానమ్మా. మీరు కాస్త గోడకి వాలండి. ఎలా పట్టుకోవాలో చూపించండి."

"ఇటు కూర్చో. మోచేతులు నేలకి ఆనించు, లేకపోతే వణుకుతాయి. చెవుల దగ్గర, రెండు పక్కలా. నొక్కకు, తిప్పకు, లాగకు. ఊరికే ఉంచు, అంతే."

"పెట్టా. ఇక వదలండమ్మా."

"వదుల్తాను."

"వదల్లేదమ్మా మీరు."

"వదుల్తానన్నానుగా. ఏమండీ, పొయ్యి మీద పాలు..."

"కట్టేశావు."

"చూశారా?"

"చూశాను. తమ్ముడూ, ఇందాకట్నుంచి ఇదే అడుగుతోంది. చెప్తున్నా, మళ్ళీ అదే అడుగుతోంది."

"వినబడుతోంది సార్. అమ్మా, కాసేపు పడుకోండి."

"వద్దు, నిద్రపోనివ్వకు. ఏయ్, నాతో మాట్లాడు. తిట్టు. ఇందాక బాగా తిట్టావుగా, అలాగే తిట్టు."

"ఏమని తిట్టను."

"ఏదైనా. కంకర చూసుకోలేదని తిట్టు. హెల్మెట్‌లో గుడ్లు పెట్టించానని తిట్టు. అది ఎర్ర రంగులోనే కావాలని ఎన్ని షాపులు తిప్పావు, గుర్తుందా? అంత ముచ్చటపడి కొనిపించుకుని, వారం కూడా పెట్టుకోలేదు."

"జడ నలుగుతుంది."

"ఆ, అదే. జడ నలుగుతుందన్నావు. నేనూ సరేలే అన్నాను. నా పట్టీ టక్కుమనే దాకా నువ్వు వదల్లేదు. నేను ఒక్కరోజు... బండి ఎక్కేటప్పుడు ఒక్కరోజు వెనక్కి తిరిగి నీ తల చూడలేదు."

"కదలకండి."

"కదల్లేదు. చూడు, రాయిలా ఉన్నాను. నువ్వు చెప్పినట్టే ఉన్నాను. మాట్లాడు. పాప కాలేజీ నుంచి ఎప్పుడొస్తుంది?"

"పాపా?"

"మన పాప."

"వస్తుంది. పొద్దుపోయిందా అప్పుడే?"

"లేదు. ఎండ నా కళ్ళలోనే కొడుతోంది. నీకు చీకటిగా ఉందా? తమ్ముడూ, ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయా?"

"తెరిచే ఉన్నాయి సార్. ఎటో చూస్తున్నారు."

"నన్ను చూడమను."

"అమ్మా, సార్‌ని చూడండి. ఇటు. సార్, సైరన్. అదిగో, వచ్చేశారు."

"ముందు ఆవిణ్ణి ఎక్కించమను. నేను తర్వాత. ఎంతసేపైనా ఇలాగే పడుంటాను, వేలు కూడా కదపను. ముందు ఆవిణ్ణి."

"చెప్తా సార్. అమ్మా, ఇంకొక్క నిమిషం. అంబులెన్స్ వాళ్ళూ, ఇటు రండి, ఇటు."

"జరగండి అందరూ. హెల్మెట్ ఎవరూ తియ్యలేదు కదా? మంచి పని చేశారు. సార్, మెడకి పట్టీ వేస్తున్నాం, అలాగే ఉండండి. అమ్మా, ఇక మేం చూసుకుంటాం, మీరు చేతులు తియ్యండి. అమ్మా, ఒకసారి ఇటు తిరగండి. అయ్యో. రెండో స్ట్రెచర్ కూడా దించండి, త్వరగా. అమ్మా, నా మాట వినబడుతోందా? ఈయన మీకేమవుతారు?"

"చెప్పు. వాళ్ళకి చెప్పు."

"తెలీదు. ఎవరో, పాపం. వాళ్ళావిడ వచ్చేదాకా తల పట్టుకుంటానన్నాను."