తల్లి పేరు ముందు

విజయవాడ పూల పోటీ, పందిట్లో చివరి బల్ల. పువ్వు పెంచిన శౌరమ్మ, ఒకప్పుడు ఆమెకి పనిచ్చిన ఉయ్యూరు తోట యజమాని కృపానందం, పేర్లు రాసుకుంటున్న కాలేజీ టీచరు.

“తండ్రి పేరు చెప్పు శౌరమ్మా. ఆ అమ్మాయి ఇందాకట్నుంచీ కలం పట్టుకుని కూర్చుంది.”

“తెలిస్తే చెప్పనాండీ అయ్యగారూ?”

“తెలియకపోవడమేంటి! టీచరమ్మా, నేను చెప్తా, నువ్వు రాసుకో. తండ్రి...”

“ఆగండి సార్. పెంచినవాళ్ళు చెప్తేనే రాయాలి. మీరు పెంచలేదుగా.”

“పెంచకపోతే? దీని తండ్రి మొక్క నాది! సింగపూరు నుంచి ఓడలో తెప్పించుకున్న వాండా ఆర్కిడ్. ఉయ్యూరులో ఎవర్నడిగినా చెప్తారు, కృపానందంగారి నీలం వాండా అని.”

“అలాగే సార్. శౌరమ్మగారూ, అసలు ముందు తల్లి పేరు చెప్పండి. తల్లి పేరే ముందు రాస్తాం.”

“తల్లి పేరు ముందా?”

“అవునండీ. కాయ మోసిన మొక్క తల్లి. పుప్పొడి ఇచ్చింది తండ్రి. ముందు తల్లి పేరు, పక్కన ఇంటూ గుర్తు, ఆ తర్వాతే తండ్రి. ఇంటూ గుర్తంటే తెలుసుగా?”

“ఎక్కాల్లో ఉండేదేగాండీ. ఈ మధ్యనే నేర్చుకున్నాను.”

“నువ్వా? ఎక్కాలా? ఈ వయసులో నీకెవరు నేర్పారు శౌరమ్మా?”

“మా ఇంట్లో ఓ పిల్ల ఉందిలెండి. వదిలిపెట్టదు. సరే, రాసుకోండి టీచరమ్మగారూ. తల్లి మా కొండపల్లి మామిడితోపులో దొరికిన వాండా. కొమ్మ విరిగి పడితే తెచ్చుకున్నాను.”

“వాండా అట, వాండా! బదనిక అని రాయమ్మా. చెట్టుకి పట్టిన బదనిక. మా షెడ్డు చూరుకి కట్టుకుంటానంటే పోనీలే పాపమని ఊరుకున్నా.”

“అలా రాయకూడదు సార్. బదనిక చెట్టు రసం తాగి బతుకుతుంది. ఇది కొమ్మని పట్టుకుంటుందంతే. తాగేది వానచుక్క, గాల్లో తేమ. చెట్టు సొమ్ము ముట్టుకోదు.”

“విన్నారాండీ అయ్యగారూ? పట్టుకోవడం వేరు, పీల్చడం వేరట.”

“ఇప్పుడు పాఠాలెందుకు! తండ్రి సంగతి చెప్పు.”

“చెప్పానుగాండీ. తెలియదు.”

“నా చేత్తో వేశాను శౌరమ్మా! అగ్గిపుల్ల కొస చీకి, దానికి పుప్పొడి ముద్ద అంటించి, నీ మొక్క పువ్వులో పెట్టాను. చినుకులు పడుతుంటే నువ్వు నాకు గొడుగు పట్టావు. పట్టావా లేదా?”

“పట్టానేమో. మీరు నవ్విందైతే గుర్తుందండీ. గోనెపట్టాకి జరీ అంచు కుడుతున్నా చూడు అన్నారు.”

“అదిగో! గుర్తుంది!”

“నవ్వు గుర్తుంది. పుప్పొడి గుర్తులేదు. తోటన్నాక పురుగూ పుట్రా తిరుగుతాయి. ఏ తుమ్మెద వాలిందో నాకేం తెలుసండీ?”

“తుమ్మెదేంటి, నీ మొహం! విత్తనాలు మొలిపించడానికి కాయని బెంగుళూరు ల్యాబుకి పంపించిందెవరు? సీసాల్లో మొలకలొస్తే సగం నీకిచ్చిందెవరు?”

“మీరేనండీ. మీ సగం తుఫానుకి పోయింది. నా సగం కొండపల్లిలో ఉండబట్టి మిగిలింది.”

“అదేగా నేను మొత్తుకునేది! షెడ్డు కూలి ఆ నీలం వాండా నా కళ్ళముందే కుళ్ళిపోయింది. మా ఆవిడా పోయింది. పిల్లాజెల్లా లేనివాణ్ణి, దాన్ని చూసుకునే బతికాను. దాని రక్తం ఇంకెక్కడా లేదు శౌరమ్మా, ఈ పువ్వులో తప్ప. ఆ నీలం చూడు. ఆ పెదవి చూడు.”

“పెదవా? పువ్వుకి పెదవేంటండీ టీచరమ్మగారూ?”

“మధ్యలో ముందుకి చాచుకుని ఉన్న రేకండీ. దాన్ని పెదవి అంటాం.”

“ఆ పెదవి అచ్చం నా మొక్కదే! గుడ్డివాడిక్కూడా తెలుస్తుంది.”

“పోలికలు సాక్ష్యం కాదన్నారుగా అయ్యగారూ.”

“ఎవరన్నారు?”

“మీరే. చర్చి ఫాదరుగారి ముందు, పెద్దల ముందు.”

“నేనా? ఎప్పుడు? ఏ ఫాదరు?”

“మీ తోటలో మొక్కలకి నీళ్ళు పోసే అమలమ్మ నెలల బిడ్డనెత్తుకుని నుంచున్నప్పుడు. బిడ్డ గడ్డం చూడండయ్యా, ఈయన గడ్డమే అని మా అమ్మ ఏడిస్తే, పోలికలు సాక్ష్యం కాదన్నారు. బదనికలా మా ఇంటికి అంటుకోవాలని చూస్తోందన్నారు. ఏ తుమ్మెద వాలిందో నాకేం తెలుసు అన్నారు. పెద్దలు పైకే నవ్వారట.”

“మీ అమ్మా? నువ్వు... నువ్వెవరు?”

“అమలమ్మ అక్కనండీ. అప్పటికే నన్ను కొండపల్లిలో ఇచ్చారు. మీరు నన్ను చూడలేదు.”

“మరి నా తోటకి పని అడుక్కుంటూ వచ్చావే! మా ఆయన పోయాడు, బొమ్మలు చెక్కే చేతులు పోయాయి, కూడు లేదని...”

“కూడు ఎక్కడైనా దొరుకుద్దండీ.”

“మరెందుకొచ్చావు?”

“మీకు దేని మీద ప్రాణమో చూద్దామని.”

“... టీచరమ్మా, కాస్త మంచినీళ్ళు తెచ్చిపెడతావా?”

“ఈ బల్ల వదిలి లేవకూడదు సార్.”

“శౌరమ్మా, అమలమ్మ అలా చేస్తుందని నేననుకోలేదు.”

“కాలవలో తేలితే మీ పాలేరే గట్టుకి లాగాడు. మీరు ఆ పూట కూడా షెడ్డులో మొక్కలకి నీళ్ళు చల్లుకుంటున్నారట.”

“మరి ఆ బిడ్డ? ఉందా?”

“ఆ బిడ్డ మీకెందుకండీ? వెళ్ళి తుమ్మెదనడగండి.”

“శౌరమ్మగారూ, నా పని తెమలాలి. తండ్రి తెలియదని రాస్తే, కొత్త పూల పేర్లు నమోదు చేసే లండన్ పుస్తకంలోకి ఎక్కదు. ఇవాళ కప్పు వచ్చినా ఇక్కడితో సరి. పువ్వుకి పేరుండదు.”

“పోనీండి.”

“పోనీయేంటి! విన్నావా? నష్టపోయేది నువ్వే! ఇన్నేళ్ళు పెంచావు!”

“పేరు లేకపోతే పువ్వు పూయడం మానుద్దాండీ?”

“ఏం కావాలి నీకు? కాళ్ళు పట్టుకోమంటావా? పట్టుకుంటా.”

“కాళ్ళెందుకండీ, నొప్పులు. నోరు చాలు. ఆ రోజు పదిమందిలో అన్నారు. ఇక్కడా పదిమంది ఉన్నారు.”

“ఇక్కడా? ఈ పందిట్లో? టీచరమ్మ ముందు?”

“టీచరమ్మగారి ముందే.”

“అలా చెప్తే తండ్రి పేరు రాయిస్తావా?”

“ముందు చెప్పండి.”

“అమ్మాయీ, నువ్వు పరాయిదానివి. ఇక్కడ విన్నది ఇక్కడే మరిచిపో.”

“చెప్పండి సార్. వింటున్నాను.”

“... అమలమ్మ బిడ్డ నా బిడ్డే.”

“వినపడలేదండీ. ఆ రోజు ఇంత మెల్లగా అనలేదు.”

“నా బిడ్డే! తెలిసే అబద్ధమాడాను. మా నాన్నకి భయపడి ఆడాను. ఆ గడ్డం నాదే. అందరూ చూస్తున్నారు, చాలా? ఇప్పుడు చెప్పు శౌరమ్మా, నీకు పుణ్యముంటుంది. తండ్రి కృపానందంగారి నీలం వాండా అని చెప్పు.”

“నేను చెప్పేదేముందండీ. కలం టీచరమ్మగారి చేతిలో ఉంది. ఏమండీ టీచరమ్మగారూ, విన్నారుగా. ఏం రాశారు?”

“తండ్రి తెలియదనే రాశాను పెద్దమ్మా.”