సగంలో ఆగిన పాఠం

సైకాలజీ మాస్టారు పోయి పదిరోజులైంది. ఆయన క్లాసును చిన్న టీచరుకు అప్పగించారు. స్టాఫ్‌రూములో ఆమె, అదే సబ్జెక్టు చెప్పే పెద్ద టీచరు మాత్రమే ఉన్నారు.

“జ్ఞాపకశక్తి పాఠం సగంలో ఆగింది అక్కా. రెండ్రోజులుగా హాజరు వేసి వచ్చేస్తున్నా. రేపు మొదలుపెడతాను.”

“ఆయనైతే ఉన్నట్టుండి, ‘అందరూ కళ్లు మూసుకోండి. నా చొక్కా ఏ రంగు?’ అనేవారు. ముప్పైమంది కలిసి నాలుగు రంగులు చెప్పేవారు.”

“నాకలా నవ్వించడం రాదు. పైగా పిల్లలు బెంబేలెత్తుతారని, ఆయన పేరెత్తొద్దన్నారు ప్రిన్సిపల్ గారు.”

“పిల్లలేమంటున్నారు?”

“నోరు విప్పడం లేదు. ఆయన కుర్చీ వైపు కూడా చూడటం లేదు.”

“మరేం చేద్దామని?”

“ఆయన చివరి క్లాసులో ఏం జరిగిందో గుర్తున్నంత రాయమంటాను. ఒకరు రాసింది ఇంకొకరిదానితో కలవదు. ఎందుకు కలవదో అక్కణ్ణుంచి చెబుతాను.”

“మధ్యలో నీకు ఏడుపొస్తే?”

“ఏడుస్తాను. కళ్లు తుడుచుకుని పాఠం పూర్తిచేస్తాను.”

“ప్రిన్సిపల్ గారు ఒప్పుకోవద్దూ?”

“ఇప్పుడే వెళ్లి అడుగుతాను. ఆయన్నీ రాయమని ఒక కాగితం ఇస్తాను. మాస్టారితో ఇరవై ఏళ్లు కలిసి పనిచేశారు, ఆయనకి మాత్రం చెప్పుకోవాలని ఉండదా?”

“పద, నేనూ వస్తా.”