వచ్చెయ్యనా?

అది ప్రతిధ్వని కాదు సార్. పొద్దుట్నుంచి మీరూ మీ కమిటీవాళ్ళూ అదే పాట. మనం పంపిందే ఎక్కడో తగిలి తిరిగొచ్చిందట. తిరిగొచ్చేది మాట మార్చుకుని వస్తుందా ఎక్కడైనా?

కాస్త ఆ ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి.

మీకు గుర్తుందో లేదో. ఈ పెద్ద యాంటెన్నా మొదటిసారి ఆకాశంలో ఒక చుక్క వైపు మాట పంపిన రోజు. కెమెరాలవాళ్ళు, పైనుంచి వచ్చిన పెద్దవాళ్ళు, అందరూ నిలబడి చూస్తున్నారు. తీరా చూస్తే పరీక్షకని పెట్టుకున్న రికార్డింగు తెరుచుకోలేదు. మీకు చెమటలు పట్టేశాయి. "ఏదో ఒకటి వదలమ్మా, ఆ చుక్క దగ్గర మనకోసం చెవులు రిక్కించుకుని ఎవడు కూర్చున్నాడు" అన్నదెవరు సార్? నేనా?

నా ఫోన్‌లో ఏముంటే అది వదిలాను. మా పాప దాగుడుమూతలు. అప్పటికి దానికి నోరు కూడా సరిగ్గా తిరిగేది కాదు. ఎప్పుడూ అదే దొంగ, నేనే దాక్కోవాలి. కళ్ళు మూసుకుని "అమ్మా, వచ్చెయ్యనా?" అనేది. నేను బీరువా చాటునుంచి "ఊ, వచ్చెయ్ పాపా" అనేదాన్ని. అంతే, అదే పంపాం. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. మీరే అందరికంటే గట్టిగా కొట్టారు.

ఇప్పుడది నాకంటే పొడుగైంది. ఆ ఆట సంగతే మర్చిపోయింది.

ఇవాళ పొద్దున ఎప్పట్లాగే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నానా, గరగర. ఆ గరగరలోంచి నా గొంతు. నాదే సార్, నా గొంతు నాకు తెలీదా? "పాపా, వచ్చెయ్యనా?"

నేనెప్పుడూ ఆ మాట అనలేదు, ఒక్కసారి కూడా. అడిగేది అది, దాక్కునేది నేను. ఆ చుక్క దగ్గర ఎవరో పిల్ల ప్రశ్న తీసుకుని నా గొంతులో పెట్టారు. ఇన్నేళ్ళూ కూర్చుని ఎవరు దాక్కుంటారో, ఎవరు వెతుకుతారో అంతా నేర్చుకున్నారు. నాకు భయంగా ఉంది సార్.

ఏంటీ, స్నేహంగానే అడిగారు కదా అంటారా? అయ్యుండొచ్చు, కాదనను. కానీ నా గొంతుతో నా కూతుర్ని పిలిచేవాడికి తలుపు తియ్యమంటారా? మీ ఇంట్లో ఐతే తీస్తారా?

సరే, మీరు పైవాళ్ళకి చెప్పేశారు. ఏ జవాబూ ఇవ్వలేదు, కమిటీ తేల్చేదాకా ఇవ్వం అని. విన్నాను. అందుకే ఫోన్ పక్కన పెట్టమన్నాను.

ఈ కుర్చీలో ఉపగ్రహాలతో మాట్లాడీ మాట్లాడీ చేతికి ఒక అలవాటు పడిపోయింది. అటునుంచి మాట వచ్చిందా, వెంటనే "అందింది" మీట నొక్కాలి. లేకపోతే మనకి వినపడలేదనుకుని అది మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెప్పేదాన్ని, ముందు నొక్కండి, తర్వాత ఆలోచించండి అని.

నొక్కేశాను సార్.

గొంతు విని ఒళ్ళంతా బిగుసుకుపోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు. యాంటెన్నా అటే తిరిగుంది. వెళ్ళిపోయింది. వాళ్ళు వచ్చెయ్యనా అన్నారు, ఇటునుంచి చప్పుడు వెళ్ళింది. వాళ్ళకి తెలిసింది ఆ ఒక్క ఆటే కదా, ఊ అన్నట్టే.

అది అక్కడికి చేరడానికి ఏళ్ళు పడుతుంది. వాళ్ళు బయలుదేరితే ఇంకెన్నేళ్ళో. అప్పటికి నేనుండను, మా పాప ఉంటుంది. సాయంత్రం ఇంటికెళ్ళి దానికేం చెప్పమంటారు? ఎప్పుడైనా అమ్మ పిలిస్తే పలక్కు, అని చెప్పనా?