మొదటి షరతు మా బావ రాసిందే

ఏంటమ్మాయ్, పొద్దున్నించీ ఆ ఫోన్లో తల దూర్చేశావు? చదరంగమా? ప్రపంచ చాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చడంలో అన్యాయం జరిగిందా? ఓస్, అంతేనా! మా బస్సు డిపోలో అంతకంటే పెద్ద భాగోతమే నడిచింది. మా అక్కయ్య మొగుడు, కండక్టరు బావ, నువ్వు పుట్టకముందే పోయాడులే, మనిషి రివటలా ఉండేవాడు, గొంతు విన్నావంటే మాత్రం మా బండికి హారన్ అక్కర్లేదు. నేను డ్రైవర్ని. ఇద్దరం ఒకే బస్సు. నేను స్టీరింగ్ తిప్పుతుంటే వెనకనించి, 'ముందుకు జరగండమ్మా, టికెట్ టికెట్, ఒరే బావమరిదీ, నా గుర్రం నీ మంత్రి మీదికొచ్చింది చూసుకో, రైట్ రైట్!' బోర్డు లేదు, పావుల్లేవు, అంతా బుర్రలోనే. ఓసారి మంత్రి పోయిన దిగుల్లో స్టాపు దాటించేస్తే ఒకావిడ నన్ను ఉతికి ఆరేసింది. ఆఁ, ఏం చెప్తున్నాను?

గుమాస్తా. డ్యూటీ చార్టు వేసే గుమాస్తా. ఏటా డిపో చాంపియన్ ఆయనే. ఎందుకు కాడూ? పోటీ షరతులు ఆయనే రాస్తాడు, డ్యూటీలూ ఆయనే వేస్తాడు. నాలుగింటికి బోర్డు ముందు లేనివాడు ఓడినట్టేనని షరతు. సరిగ్గా మూడున్నరకి బావకి ట్రిప్పు! 'అయ్యయ్యో, ఈసారీ కుదర్లేదా కండక్టర్ గారూ' అని ముక్కుతో సానుభూతి ఒకటి. నాలుగేళ్ళు ఇదే తంతు. బావ కోరికల్లా ఆయన ఎదురుగా ఒక్క ఆట, ఒక్కటంటే ఒక్కటి. చివరికి మేనేజర్ గారి గదిలోకి దూసుకుపోయాడు. చదరంగమంటే ఆయనకి తలనొప్పి. 'అంత బాధైతే నువ్వే రాయవయ్యా షరతులు, ముద్ర వేస్తాను' అన్నారు. ఇంకేం, వారం రోజులు తిండి మీద ధ్యాస లేదు బావకి. డ్యూటీలో ఉన్నవాడికి ఆట వాయిదా వెయ్యాలన్నాడు, పాత చాంపియనైనా సరే అందరిలాగే మొదట్నించి ఆడి రావాలన్నాడు. అన్నిటికీ పైన, గుమాస్తా మళ్ళీ ఎప్పుడూ షరతుల జోలికి రాకూడదని, ఎర్ర సిరాతో మొదటి షరతు పెట్టాడు: 'షరతులు రాసినవాడు పోటీలో ఆడరాదు.' నేను చదివి భేష్ అన్నాను, అక్కయ్య చదివి భేష్ అంది, మేనేజర్ గారు చదవకుండానే ముద్ర గుద్దేశారు. ఒక్కడికైనా తట్టాలిగా!

గోడకి అంటించాక గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు. 'చక్కటి షరతు. న్యాయమంటే ఇదీ. ఇంతకీ ఈ చేతిరాత ఎవరిదండీ?' బావ ఛాతీ విరుచుకుని 'నాదే!' అన్నాడు. అనేశాక మొహం చూడాలి. డిపో అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, ఏం దాచుకోవడం!

ఆ షరతు కొట్టేయించుకో బావా, మేనేజర్ గారు కాదనరు అన్నాను. 'నాకోసం కొట్టేస్తే ఆ గుమాస్తాకీ నాకూ తేడా ఏంట్రా?' అన్నాడు. ఆ ఏడు ఆడించాడు గానీ ఆడలేదు. గడియారం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. గుమాస్తాని ఓడించింది ఎవరనుకున్నావ్? నేనే. కప్పు చంకలో పెట్టుకుని బావ ఇంటికెళ్ళాను. ఎంత మురిసిపోయాడో! బోర్డు పరిచి, రా చాంపియన్ అని కూర్చోబెట్టి, పద్దెనిమిది ఎత్తుల్లో ఆట కట్టించేశాడు. అప్పుడే కాదమ్మా, బావ మీద నేను ఒక్క ఆటా గెలవలేదు. ఏ ఒక్కటీ. అయినా పోయేదాకా ఎవరొచ్చినా 'మా బావమరిది, డిపో చాంపియన్' అనే చెప్పేవాడు. నాకేమో సిగ్గుతో...

వాన పడేలా ఉంది, మేడ మీద బట్టలు తీసుకురా.