నాలుగో పాటలో పై గొంతు

అయ్యో అయ్యో, బెల్లు నొక్కకు తల్లీ, నీకు పుణ్యముంటుంది! ఇటు, ఈ పక్క గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చెయ్. బెల్లు మోగిందంటే ఆయన పాట చెడుతుంది, పాట చెడిందంటే మళ్ళీ మొదట్నుంచి పెడతాడు. పన్నెండు రోజులమ్మా! పన్నెండు రోజులుగా మా ముందు గది నాది కాదు. ఊడవనివ్వడు, ఫ్యాను వేయనివ్వడు. ఫ్యాను చప్పుడుకి గిటారు తీగలు నలిగిపోతాయట! చెమటలు కారుతున్నా కూర్చుంటాడు గానీ…

కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దానికి ఒక కాలు పొట్టి. తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి ఇంట్లో పొట్టికాలు స్టూలు! చెప్పుకుంటే సిగ్గు. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చో.

వినిపిస్తోందా? అంతా మీ రికార్డు కంపెనీ చలవే. ఆ రాక్ బ్యాండువాళ్ళ మొదటి మూడు ఆల్బమ్‌లూ దుమ్ము దులిపి, మరకలు తుడిచి, కొత్త పెట్టెలో పెట్టి వదిలారు చూడు. రీమాస్టరంటారుగా, అదే. ఆ పెట్టె రాకతో మా ఇంటి పెద్దమనిషికి పద్దెనిమిదేళ్ళొచ్చాయి.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది సగమే నా బుర్రకెక్కింది. ఇంకోసారి చెప్పు, మెల్లిగా. ఊఁ… ఊఁ… పాత టేపు డబ్బా మూత లోపల పెన్సిలుతో రాసుందా? ఏమని? "నాలుగో పాట, పై గొంతు, ప్రెస్సు పిల్ల."

అమ్మ బాబోయ్! నలభై రెండేళ్ళు ఆ పెన్సిలు గీత చెరగలేదా?

నేనే. నేనేనమ్మా ఆ ప్రెస్సు పిల్లని! అరవై ఒకటి మీద పడ్డాక పిల్లేమిటని నవ్వుతున్నావు కదూ? నవ్వు నవ్వు, నాకూ ఆగడం లేదు. పన్నెండు రోజులుగా ఇదే వరస. కూరలు తరుగుతూ నవ్వు, బట్టలు ఆరేస్తూ నవ్వు. ఎదురింటావిడ అడగనే అడిగింది, "ఏమిటండీ, లాటరీ గానీ తగిలిందా?" అని.

నా అడ్రసు ఎవరిచ్చారు? మా ప్రెస్సులో అక్షరాలు పేర్చే పాత కంపోజిటరా? ఇంకా ఉన్నాడా మహానుభావుడు! చల్లగా ఉండనీ.

రెండు కాగితాల మీదా ఒకటే అడ్రసు చూసి తికమకపడ్డావా? పడవూ మరి! నాలుగో పాటలో పాడిన ఆవిడెవరో చెప్పండి మహాప్రభో అని మీకు ఉత్తరం రాసిన అభిమానీ, ఆ పాడినావిడా మొగుడూ పెళ్ళాలైతే ఎవరికైనా కళ్ళు తిరగవూ?

ఇంకో చిత్రం చెప్పనా? ఆ ఉత్తరంలో దస్తూరీ నాదే. ఆయనకి చెయ్యి వణుకుతుంది. ఆయన చెబుతుంటే నేను రాశాను. "ఆ తల్లి ఎక్కడున్నా ఆమె పాదాలకి నా నమస్కారం, రాయి" అన్నాడు. రాశాను! నా పాదాలకి నమస్కారం నేనే రాసుకున్నాను. కామా కూడా సరిగ్గా పెట్టాను.

సరే, మొదట్నుంచి చెప్తాను. టీ తాగుతూ విను.

పెట్టె వచ్చిన రోజు ఆయన చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రికార్డు అంచులు పట్టుకుని పెట్టాడు. మొదటి మూడు పాటలకీ "ఆహా!", "అబ్బా!" అనుకుంటూ కూర్చున్నాడు. "ఇన్నాళ్ళూ గోనెసంచిలో దూరి డ్రమ్ములు వాయించినట్టుండేదోయ్, ఇప్పుడు చూడు, మన బల్ల మీద వాయిస్తున్నాడు!" అన్నాడు.

నాలుగో పాట మొదలైంది. ఆ పాటలో చివరికొచ్చేసరికి ఆయన వేలు పైకి లేస్తుంది. పెళ్ళైనప్పట్నుంచీ అంతే. "ఇదిగో, ఇక్కడ! గిటారు ఎలా ఏడుస్తుందో విను!" అని కళ్ళు మూసుకుంటాడు. పాత రికార్డులో ఆ ముక్క ఎక్కడో అడుగున, దుప్పటి కప్పుకున్నట్టు వినిపించేది. ఆయన గిటారంటాడు. ఆయన స్నేహితుడు పోస్టుమాస్టరుగారు, కాదు, పాడేవాడే దొంగగొంతు పెట్టాడంటాడు. దీని మీద ఇద్దరూ ఒకసారి ఆర్నెల్లు మాట్లాడుకోలేదు కూడా!

ఆ రోజూ వేలు లేచింది. కళ్ళు మూసుకున్నాడు. మరుక్షణం ఎగిరి నిలబడ్డాడు.

"ఏమోయ్! ఆడమనిషి! ఇందులో ఆడమనిషి ఉంది!"

నేను గుమ్మంలో ఉన్నాను, చేతిలో చేట. చేట అలాగే ఉండిపోయింది. నా గొంతు తల్లీ! నా పంతొమ్మిదేళ్ళ గొంతు, ముందు గదిలోంచి నా మీదకే వస్తోంది!

పోస్టుమాస్టరుగారు పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ చెరో స్పీకరుకీ చెవి ఆనించి పదిసార్లు విన్నారు. ఆ గొంతుకి ముందు గరగరమని చిన్న చప్పుడొస్తుంది, విన్నావా? ఆయన వానన్నాడు. పోస్టుమాస్టరుగారు, కాదు, ఆకుల మీద గాలన్నాడు. మళ్ళీ జగడం. నేను టీ కప్పులు పెట్టి వచ్చేశాను. ఏమంటే ఏం తంటా!

అది వానా కాదు, గాలీ కాదు. ప్రూఫు కాగితం.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్నమ్మా. వాళ్ళ మొదటి ఆల్బమ్ అట్ట మా దగ్గరే అచ్చు వేశారు. "వాళ్ళకి చూపించి సంతకం పెట్టించుకురా, మిషను ఖాళీగా ఉంది, గంటలో రావాలి" అని యజమాని తరిమాడు. స్టూడియో అంటే ఏదో అనుకునేవు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, నేల మీద పాత దుప్పట్లు, చెమట కంపు. నలుగురు కుర్రాళ్ళు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు.

పాడేవాడు పై స్థాయి అందుకోలేక నానా యాతనా పడుతున్నాడు. ఎత్తుకున్నప్పుడల్లా పిల్లి తోక తొక్కినట్టు ఒక కూత. ఏడుసార్లు. ఎనిమిదోసారి నేను కిసుక్కున నవ్వేశాను.

గిటారు వాయించే పొడుగాయనకి ఒళ్ళు మండింది. "నవ్వడం తేలికే. వచ్చి పాడు చూద్దాం!" అన్నాడు.

పాడాను! ఎంత ధైర్యమో! చంకలో ప్రూఫు చుట్ట అలాగే ఉంది. మాటల్లేవు, ఊరికే "ఆ…" అంటూ పైకెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, దిగిరావడమే. ఊపిరి పీల్చుకున్నప్పుడు చంకలో కాగితం నలిగింది. అదీ ఆయన చెప్పిన వాన.

అయిపోయాక నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తప్పు చేశాననుకున్నాను. పాడేవాడు నా వంక ఓసారి చూసి, "నేనెళ్ళి టీ తాగొస్తాను" అన్నాడు. అప్పుడర్థమైంది, బాగానే పాడానని.

పొడుగాయన మంచివాడే. పాపం, "అట్ట మీద నీ పేరు వేద్దాం, చెప్పు" అన్నాడు. నేనే వద్దన్నాను. పని వేళలో పాటలు పాడుతున్నానని తెలిస్తే యజమాని ఊరుకుంటాడా? ప్రూఫు పరిచి, అక్షరం అక్షరం చూసి, "తప్పుల్లేవు" అని రాసి వాళ్ళ చేత సంతకం పెట్టించుకుని వచ్చేశాను. నా పేరు లేని అట్టకి తప్పుల్లేవని రాసిందెవరు? నేనే! అక్కడే నా మొహాన రాసిపెట్టి ఉందన్నమాట.

ఇరవై మూడేళ్ళకి పెళ్ళైంది. రెండు గదుల కాపురం. మంచం కంటే ముందు ఆయన రికార్డు ప్లేయరు ఇంట్లోకొచ్చింది. ఆయనకి ఏ పిచ్చి ఉందో నాకేం తెలుసు? రెండో నెల. వెనకాల బట్టలుతుకుతున్నాను. లోపల్నుంచి ఏదో తెలిసిన పాట. ఒకటి, రెండు, మూడు… నాలుగోది.

సబ్బు చేతులతోనే లేచాను, పరిగెత్తుకెళ్ళి చెప్పేద్దామని. రెండడుగులేసి ఆగాను. చెప్పడమెందుకు, పాడితే ఆయనే పోల్చుకుంటాడుగా, ఎంత సరదాగా ఉంటుందో అనుకున్నాను. కొత్త పెళ్ళికూతుర్ని కదా, అలాంటి సరదాలుంటాయి. గొంతెత్తి పాడాను.

లోపల్నుంచి కేకేశాడు. "ఆ కూనిరాగం కాస్త ఆపవోయ్! గిటారు వినిపించడం లేదు!"

ఆపేశాను.

నవ్వొస్తోంది కదూ? ఎంత సన్నని తేడా అయినా పట్టేస్తాడని కొట్లవాళ్ళంతా ఆయన్ని చూసి హడలిపోయేవాళ్ళు. ఆ మనిషికి పెళ్ళాం గొంతు అడ్డొచ్చి పెళ్ళాం గొంతు వినిపించలేదు!

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటావా? ఉండు, ముందు నిన్నటి సంగతి విను. అది వినకపోతే నువ్వొచ్చీ దండగే.

నిన్న నీ ఫోను పెట్టేశాక నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆయన కుర్చీ అటు తిరిగి ఉంటుంది. ఎడమ స్పీకరు ఇదిగో, ఈ వంటింటి తలుపు పక్కనే. నాలుగో పాట వచ్చింది. ఏం పూనిందో నాకు! తలుపు చాటున నిలబడి, చేతిలో అంట్లు తోమే పీచుతో సహా, ఎత్తుకున్నాను.

ముప్పై ఎనిమిదేళ్ళ తుప్పు తల్లీ! పైకెళ్ళింది, వణికింది, పంతొమ్మిదేళ్ళ దానికంటే ఒక మెట్టు కిందే ఆగిపోయింది. ఆగితే ఆగిందని అక్కడే నిలబడ్డాను. అదీ నేనూ కలిసి దిగొచ్చాం.

కుర్చీ ధడాలున వెనక్కి పడింది.

"ఇద్దరు! ఇద్దరున్నారు!" ఫోను దగ్గరికి పరుగు. "పోస్టుమాస్టరుగారూ! ఇంకో ఆవిడుందండీ! ఎడమ స్పీకర్లో! గొంతులో పెద్దరికముంది. మొదటావిడ గాల్లో తేలుతూ పాడింది, ఈవిడ కాళ్ళు నేల మీద పెట్టి పాడుతోంది. అబ్బ, ఏం మనిషండీ!"

నేను ఇక్కడ, ఈ గచ్చు మీద చతికిలబడిపోయాను. నోట్లో గుడ్డ కుక్కుకున్నాను. కళ్ళ నీళ్ళు, కడుపు నొప్పి! చచ్చిపోతాననుకున్నాను నవ్వలేక.

మళ్ళీ పెట్టాడు. రెండో ఆవిడ లేదు! ఉంటే కదా? సూది తుడిచాడు. వైర్లు మార్చాడు. మళ్ళీ పెట్టాడు. లేదు. ఇదిగో, ఇప్పటిదాకా అదే పని, ఎడమ స్పీకరుకి చెవి అతికించుకుని. రాత్రి సరిగ్గా తిననైనా లేదు.

"నీకు వినిపించిందా?" అని నన్నడిగాడు.

"ఏమోనండీ, నేను అంట్లు తోముతున్నాను" అన్నాను. దొంగమొహందాన్ని!

ఆ గొంతు నాదేనన్న మీ కాగితం ఇదేనా? సంతకం ఎక్కడ పెట్టాలి? ఇక్కడా? ఇదిగో, పెట్టేశాను. రెండో ముద్రణలో పేరు కాస్త పెద్దక్షరాల్లో వేయించు, ఆయనకి చత్వారం.

ఆఁ, ఎందుకు చెప్పలేదనేగా నీ ప్రశ్న. ఆయనంటే భయమా? ఛ! ఆయన ఎలుకని చూస్తే మంచమెక్కే రకం. ఆ పొడుగాయన మీద ఏదైనా…? ఓసి నీ అసాధ్యం కూలా, అదేం లేదు!

నిన్న పడుకోబోయే ముందు ఊరికే అడిగాను. "కొత్తల్లో ఒకసారి నన్ను పాడొద్దన్నారు, గుర్తుందా?" అని.

ఆయన తెల్లబోయాడు. "నేనా? నువ్వు పాడతావా?" అన్నాడు.

చూశావా! ఒక్కసారంటే ఒక్కసారే అన్నాడమ్మా. పాట మధ్యలో చిరాకేసి అన్న మాట. ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటాడు. మర్నాడు మళ్ళీ పాడి ఉంటే, "బాగుందే, ఏదీ మళ్ళీ పాడు" అనేవాడేమో. ఏమో! నేను పాడితే కదా తెలిసేది?

అలిగాను. అదీ అసలు సంగతి. ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు. అలక ఎందుకు పూనుతాం? వచ్చి బతిమాలతారని. మరి బతిమాలాల్సిన మనిషికి నేను అలిగినట్టే తెలియకపోతే? ముప్పై ఎనిమిదేళ్ళు అలిగాను తల్లీ, వేళకి వండిపెట్టి, నవ్వుతూ తుళ్ళుతూ, పక్కనే కూర్చుని! ఇంత సుఖంగా అలిగిన మనిషి భూమ్మీద ఇంకొకతె ఉండదు. పోయిన గొంతు మాత్రం నాది. ఎవర్ని అని ఏం లాభం?

అదిగో, పిలుస్తున్నాడు. మళ్ళీ వెతకడానికి నా చెవులు కూడా కావాలట. పద, నువ్వూ రా. ఇంక దాచను, దాచి ఏం బావుకున్నాను? వస్తున్నానండీ! ఆఁ, వస్తున్నా! ఒక్కదాన్నే కాదు, కంపెనీ నుంచి ఒకమ్మాయి కూడా వస్తోంది. కాస్త చొక్కా తొడుక్కోండి!