హద్దుచింత కాడ ఎండుచేపల ఆదెమ్మ

హైవే మీద హద్దుచింత ఉంది చూశారూ, పేరమ్మపాడు దాటాక రోడ్డును ఆనుకుని ఒంటరిగా నిలబడి ఉంటుందే, దాని నీడలో మనిషి కాదు, ఈగ కూడా వాలదు. నవ్వకండర్రా, నా కళ్ళతో చూశాను, ఎగురుకుంటూ నీడ దాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి పోయింది. నాలుగు లైన్ల రోడ్డు వేసేటప్పుడు చెట్లన్నీ కొట్టేశారా, దీని జోలికొచ్చిన రంపానికి మాత్రం నా నోట్లో మాదిరే ఒక్క పన్నూ మిగల్లేదు. ఆ చెట్టుకు ఇవతల రోడ్డు మన స్టేషను వాళ్ళది, అవతల రోడ్డు కొత్తరేవు స్టేషను వాళ్ళది. అందుకే దానికి ఆ పేరు.

మన వైపు రోడ్డు మీద తిరిగే పోలీసు జీపుకి పరంధామయ్య అని ఓ హెడ్డు కానిస్టేబులు పెత్తందారుగా ఉండేవాడు. ఆయన మీసం ఎంతుండేదనుకున్నారు? జీపుకి రెండుపక్కలా బయటికొచ్చి ఊగుతుంటే ఎదురొచ్చే గేదెలు పొలాల్లోకి దిగిపోయేవి. జీపు నడిపేది మస్తాను, మన దర్జీ కాశింగారి అల్లుడు, బంగారంలాంటి పిల్లాడు.

ఒక ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, ఎండుచేపలమ్ముకునే ఆదెమ్మ గంప నెత్తిన పెట్టుకుని అక్కడ రోడ్డు దాటుతుంటే ఏదో లారీ కొట్టేసి, ఆగకుండా పోయింది. ఆదెమ్మ సరిగ్గా హద్దు మీద పడింది, తల అటు, కాళ్ళు ఇటు. జీపు వచ్చేసరికి ఇంకా ఊపిరుంది, దాహం దాహం అంటోందట. అప్పుడేం చేయాలి చెప్పండి? గొంతులో ఇన్ని నీళ్ళు పోసి ఆసుపత్రికి పరిగెత్తాలా వద్దా? పరంధామయ్య మాత్రం నడుం మీద చేతులేసుకుని వంగి చూసి, ఇది మన లిమిట్సులో ఉంటే పంచనామా మనం రాయాలి, ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ మనం తిరగాలి, కాస్త అటు జరిపితే వాళ్ళ తలనొప్పి అన్నాడట. వద్దు సార్, పాపం సార్ అని మస్తాను బతిమాలుతున్నా వినకుండా, ఆమె రెండు చేతులూ పట్టుకుని కాళ్ళతో సహా అవతలికి లాగేసి, మీ కేసొకటి పడుంది, వచ్చి చూసుకోండి అని కొత్తరేవు వాళ్ళకి వైర్‌లెస్‌లో చెప్పాడు. వాళ్ళొచ్చేలోపే పోయింది ఆ తల్లి. గొంతు తడవకుండానే పోయింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. అదే మిట్టమధ్యాహ్నం వేళ, జీపు ఆ చింత నీడలోకి రాగానే దానంతటది ఆగిపోయింది. బయట తారు కరిగి పారుతోంది, జీపులో మాత్రం పళ్ళు టకటకలాడే చలి, పరంధామయ్య మీసం మీద మంచు! ఆ తర్వాత ఎండుచేపల వాసన. మస్తాను అద్దంలోకి చూస్తే వెనకసీట్లో ఓ ఆడమనిషి, ఒళ్ళో గంప, ముఖం నిండా జుట్టు.

ఎంతో మర్యాదగా అడిగిందట, "అయ్యా, దాహం సంగతి తర్వాత చూద్దాం, ముందు నేను ఏ స్టేషను మనిషినో చెప్పండి," అని.

మస్తాను ఏడుపు గొంతుతో, "సార్, మన మనిషేనని చెప్పెయ్యండి సార్, మీకు దండం పెడతా, ఆ ఒక్క మాటతో ప్రాణాలు దక్కుతాయి," అన్నాడు. పరంధామయ్యా అదే చెబుదామని నోరు తెరిచాడు, కానీ ఏళ్ళ అలవాటు కదా, ఆ నోరు దానంతటదే, "మా లిమిట్సు కాదు," అనేసింది.

సరే, అయితే అటు జరపండి అని, ఆమె దిగిపోయి హద్దు మీద పడుకుని, చేతులు చాచింది.

ఆయనా దిగి పట్టుకున్నాడర్రా. లాగాడు. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, నడుం వచ్చింది, ఇంకా నడుమే వచ్చింది, లాగేకొద్దీ నడుమే వస్తోంది, బావిలోంచి తాడు వచ్చినట్టు, కాళ్ళు మాత్రం చింతకిందే ఉన్నాయి. వదిలెయ్యండి సార్, మనదేనని ఒప్పుకోండి సార్ అని మస్తాను అరుస్తుంటే, ఉండవయ్యా, కాళ్ళొక్కటే కదా, వచ్చేస్తాయి అంటూ ఈయన వెనక్కి వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. రోడ్డు మీద ఎండకి నీళ్ళలా మెరుస్తుంది చూడండి, అందులో మోకాళ్ళ దాకా దిగాడు, మెడ దాకా దిగాడు, ఇక కనపళ్ళేదు. చింతకింద ఆ కాళ్ళు, వేళ్ళు ఆడిస్తూ అలాగే ఉన్నాయట.

మస్తాను జీపు వదిలేసి మా గుమ్మం దాకా ఒకటే పరుగు. కుండెడు నీళ్ళూ తాగాడు, ఆపకపోతే కుండని కూడా కొరికేసేవాడు. ఇప్పటికీ సైకిలెక్కమన్నా ఎక్కడు.

మీరు కుర్రాళ్ళు, బళ్ళున్నాయి, ఎండలో కూడా తిరుగుతారు. అక్కడ ఖాకీ గుడ్డలాయన ఒకడు నడుం వంచి, వెనక్కి నడుస్తూ, మీసంతో రోడ్డు ఊడ్చుకుంటూ కనపడతాడు. బాబూ, ఓ చెయ్యి వేసి పోండి అంటాడు. పోలీసాయన కదా అని ఆగకండి. చేతులవైపు తనొక్కడే ఉన్నాడు, కాళ్ళవైపు పట్టుకోవడానికి మనిషి కావాలట.